చీరల మోకు

మార్చి ముప్పై ఒకటో తారీఖు లోపల కావలసిన పనులు:

వాగు ఒడ్డున ఏడోసారి కొలత తీయడం.
జిల్లా ఆఫీసులో పాత ఫైలు అసలు ప్రతి చూడడం.
విఠల్‌రావు గారితో మాట్లాడడం.
నాయనకు మోకాళ్ళ మాత్రలు.
నివేదిక మీద సంతకం.

ఆఖరి పనిని స్వరూప తన నోటుపుస్తకంలో పంతొమ్మిది రోజులుగా ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి ఎత్తి రాసుకుంటూ వస్తోంది. మిగతా పనుల మీద ఏదో ఒకరోజు గీత పడేది. దాని మీద మాత్రం పడలేదు. ఏడోసారి కొలత అక్కర్లేదని కూడా ఆమెకు తెలుసు. మూడు కొలతలు ఒకదానితో ఒకటి కలిస్తే చాలు. ఆరూ కలిశాయి.

అయినా ఆ ఆదివారం పొద్దున్నే కొత్తమడుగులో బస్సు దిగింది. జాడదర్శిని ఉన్న సంచిని భుజాన వేసుకుని, చీలమండల లోతు నీళ్ళలో వాగు దాటి వాడవైపు ఒడ్డెక్కింది. బడి, దవాఖాన, రేషను షాపు, బస్సు ఆగేచోటు అన్నీ వాగుకు ఆ పక్క ఊళ్ళో ఉంటాయి. ఈ పక్కన ఉన్నది డెబ్బై రెండిళ్ళ వాడ. ఎండాకాలం ఈ రెంటికీ మధ్య నాలుగు నిమిషాల నడక. వానాకాలం ఎంత దూరమో చెప్పడం కష్టం.

జాడదర్శిని కుట్టుమిషను పైభాగమంత ఉంటుంది. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, దాని సొరుగులో అక్కడి మట్టి ఒక గుప్పెడు పోయాలి. ఆ చోటికి ప్రభుత్వం ఏ పని మంజూరు చేసిందో ఆ ఉత్తర్వు నంబరు ఎక్కించాలి. కాసేపటికి పలకంత అద్దం మీద బొమ్మ తేలుతుంది. మంజూరై, జరగకుండా పోయిన పని జరిగి ఉంటే ఇవాళ అక్కడ ఏముండేదో ఆ బొమ్మ.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ మెహరున్నీసా మొదటిరోజే స్వరూపతో అంది, "నది దారి మార్చుకున్నా పాత దారిలో ఇసుక మిగులుతుంది కదా బేటా. సర్కారు డబ్బు కూడా అంతే. ఒకచోటికని బయల్దేరి ఇంకోచోటికి మళ్ళితే, మొదటిచోట ఏదో మిగులుతుంది. ఏం మిగులుతుందో నాకే పూర్తిగా తెలీదు. కనిపిస్తుందని మాత్రం తెలుసు."

రాష్ట్రంలో వాడలకు, తండాలకు కేటాయించిన నిధులు ఎటు మళ్ళాయో తేల్చమని చట్టసభ కమిటీ ఒకటి వాళ్ళ పరిశోధన కేంద్రానికి పని అప్పజెప్పింది. ఆర్థికశాస్త్రం చదివిన స్వరూప ఫైళ్ళు చూస్తుంది. డాక్టరమ్మ యంత్రం చూస్తుంది. కొత్తమడుగు పేరు జాబితాలో కనిపించినప్పుడు అది తన ఊరని స్వరూప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఊరు ఇంకొకరికి ఇస్తారని భయం.

అద్దం మసకబారి తేరుకుంది. వాగు మీద వంతెన తేలింది. పెద్దదేం కాదు. కింద తూములు, పైన సిమెంటు దారి, రెండు పక్కలా మోకాలెత్తు గోడలు. దాని మీద ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు. రెండు మేకలు. ఆ తర్వాత ఆమె వచ్చింది.

పచ్చచీర. ముప్పై అయిదేళ్ళ మనిషి. నడుము కొంచెం లావైంది. పదేళ్ళ ఆడపిల్ల చెయ్యి పట్టుకుని బడివైపు నడిపిస్తోంది. పిల్ల ఏదో అడిగింది. ఆమె తల వెనక్కి విసిరి నవ్వింది. జాడదర్శినిలో చప్పుడు వినిపించదు. కానీ ఆ నవ్వు ఎట్లా ఉంటుందో స్వరూపకు తెలుసు. ఆమె అక్క కొమురమ్మ అట్లాగే నవ్వేది.

కొమురమ్మ చనిపోయి పదేళ్ళయింది. ఇరవై అయిదేళ్ళకు, నిండు నెలల్లో.

"ఏం కనవడ్తది బిడ్డా అండ్ల?"

స్వరూప ఉలిక్కిపడి అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టింది. తండ్రి ఈదయ్య కర్ర పోటేసుకుంటూ ఒడ్డు దిగుతున్నాడు.

"ఏం లేదు నాయనా. వంతెన."

"వంతెన చూసేటందుకు ఏడుసార్లు వస్తరా? ఇంజనీర్లు గూడ ఒక్కసారే వస్తరు. అదీ కారు దిగకుంట."

"కొలతలు సరిపోవాలె గద."

"సరిపోతలేవా?"

ఆమె స్టాండు కాలు ఇసుకలోకి ఇంకాస్త దించింది. ఈదయ్య తుమ్మచెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. ఆ చెట్టుకు చుట్టలుగా చీరల మోకు వేలాడుతోంది. ఏటా రోహిణి కార్తెలో వాడలో ఇంటికొక పాత చీర ఇస్తారు. వాటిని జనపనారతో కలిపి పేని, ముంజేయంత మందాన మోకు చేస్తారు. తొలివాన పడగానే ఈ చెట్టు నుంచి ఆవలి బండకు కడతారు. వాగు రొమ్ముల దాకా వచ్చినా దాన్ని పట్టుకుని బడికి, కూలికి పోతారు. అన్ని రంగులూ కలిసి అది దూరానికి పాములాగా కనిపిస్తుంది. పాత పేటల్ని పారేయరు. కొత్తవి వాటి మీదే చుడతారు.

"ఊశన్న కోడలు నీళ్ళోసుకుంది," అన్నాడు ఈదయ్య, వాగువైపే చూస్తూ. "శ్రావణంల నెలలు నిండుతయట. గిప్పటి సందే భయపడుతుండు వాడు. ఎండాకాలం మూడు నెలలు చాలు గద బిడ్డా, గీపాటి వంతెన కట్టనీకి?"

"చాలు."

"మరి నీ కాయిదం ఎప్పుడిస్తవ్?"

మందుల పొట్లం తీసి అతని చేతిలో పెట్టి, "అన్నం తిన్నంక ఏసుకో," అంది స్వరూప.

ఆమె నివేదిక ఇస్తే, మళ్ళిన డబ్బును ఈ ఏడాది లెక్కల్లోనే వెనక్కి తెప్పించే అధికారం కమిటీకి ఉంది. ఏప్రిల్‌లో పని మొదలవుతుంది. ఇవ్వకపోతే ఫైలు పెండింగులో పడి ఇంకో ఏడాది నడుస్తుంది. అంతవరకు చిక్కు లేదు. చిక్కు వేరే ఉంది. జనవరిలో ఒక తండాలో మంచినీళ్ళ ట్యాంకు ఫైలు తేలింది. డబ్బు తిరిగొచ్చిందని ఉత్తర్వు వెలువడిన గంటకు డాక్టరమ్మ అక్కడే యంత్రం పెట్టి చూసింది. ముందురోజు దాకా అద్దంలో ఉన్న ట్యాంకు, నల్లా దగ్గర ఆడవాళ్ళు, అందరూ పోయారు. ఉత్త మట్టి కనిపించింది.

"పాత దారిలోకి నీళ్ళొస్తే ఇసుక కొట్టుకుపోతుంది," అందామె. అంతే.

*

జిల్లా ఆఫీసులో పాత ఫైలు మంగళవారం దొరికింది. బీరువా అడుగున, ఎలుకలు కొరికిన అట్టతో. పదకొండేళ్ళ కిందట వంతెన మంజూరైన ఉత్తర్వు అందులో ఉంది. దాని కింద, మంజూరు రద్దుచేస్తూ ఒక పేరా: "క్షేత్రస్థాయి పరిశీలనలో సదరు వాగు దాటుటకు సౌకర్యము ఇదివరకే కలదని నివాసులే తెలియజేసినందున, ఈ నిధులను రాష్ట్రవ్యాప్త ప్రయోజనము గల పనికి మళ్ళించవచ్చును."

నివాసులే తెలియజేశారంటే? స్వరూప పేజీ తిప్పింది. పరిశీలన పత్రం. నీలం సిరా. గుండ్రటి అక్షరాలు, కింద గీతలు గీసి మరీ రాసిన అంకెలు.

ఆ చేతిరాత ఆమెదే.

ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. తను డిగ్రీ రెండో ఏడు. వాడలో పత్రం నింపగలిగిన మనిషి తనొక్కతే. సర్వేకొచ్చినాయన చెట్టుకింద నిలబడి తొందరపెడుతున్నాడు. కొమురక్క చుట్టూ నలుగురిని పోగుచేసి, "మా చెల్లె రాస్తది చూడుండ్రి, ఇంగ్లీషు గూడ వస్తది దానికి," అని మురిసిపోతోంది. పద్నాలుగో ప్రశ్న: వాగు దాటుటకు ఏదైనా సౌకర్యము కలదా? కలదు, లేదు. రెండే గడులు.

స్వరూప కలం ఆగింది. అక్క భుజం మీదుగా వంగి చూసింది.

"ఏం రాయాల్నో అక్కా ఇక్కడ. ఏమన్న ఉన్నదా అని అడుగుతుండ్రు."

"ఉన్నది గదనే, మన మోకు! రాయి. మనం పేనుకున్నది, మన చీరలు. సిగ్గెందుకు?"

అబద్ధం రాయకూడదని బడిలో నేర్పారు. 'కలదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. పక్కన బ్రాకెట్లలో 'మోకు' అని శుభ్రంగా రాసింది కూడా. అధికారికి అది ఒక్క మాట. కలదు.

మరుసటి ఏడు ఆషాఢంలో కొమురమ్మకు నొప్పులొచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకుని వాగు ఒడ్డుకు తెచ్చారు. ఆవలి ఒడ్డున అంబులెన్సు వచ్చి నిలబడింది కూడా. మోకు నీళ్ళ మీద బిగుసుకుని ఉంది. కాళ్ళమీద నిలబడగల మనిషి దాన్ని పట్టుకుని దాటగలడు. మంచం ఎట్లా దాటుతుంది? నీళ్ళు తీస్తాయేమోనని వానలో అయిదు గంటలు చూశారు. నీళ్ళు తీయకముందే కొమురమ్మ వెళ్ళిపోయింది, బిడ్డతో సహా. ఆ ఏడు మోకులో పేనిన పచ్చచీర ఆమెదే.

*

విఠల్‌రావు గారు ఆర్థికశాఖలో పెద్ద అధికారి, అప్పట్లో ఈ మళ్ళింపు ఫైలు చూసినాయన, మర్యాదస్తుడు. స్వరూపకు కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"ఒకటి గుర్తుపెట్టుకోమ్మా. ఇందులో ఎవరూ రూపాయి తినలేదు. నువ్వు వెతికినా దొరకదు."

"దొరకలేదు సార్."

"చూశావా! ఆ డబ్బు నగరం చుట్టూ వేసిన వలయ రహదారికి వెళ్ళింది. రోడ్డు అందరిదీ. రాష్ట్రంలో వాడల జనం ఎంత శాతమో, రోడ్డు ఖర్చులో అంత శాతం వాడల కోసం పెట్టినట్టే రాసుకున్నాం. నిబంధన ఒప్పుకుంటుంది."

"మా... ఆ వాడోళ్ళు ఆ రోడ్డు ఎన్నడూ చూడలేదు సార్."

"చూడక్కర్లేదు కదమ్మా. లెక్కకు చూడ్డంతో పనిలేదు." ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అలసిన నవ్వు. "నాదీ పల్లెటూరే. ఉన్నమాట చెప్తా విను. రోడ్డు కావాలని పన్నెండు మంది ఎమ్మెల్యేలు మా గుమ్మం దగ్గర కూర్చున్నారు. కొత్తమడుగు వంతెన కోసం ఎవరొచ్చారు? ఊళ్ళో సర్పంచికి వాగు అవతల పనిలేదు. వాడవి నూట డెబ్బై ఓట్లు, అవీ రెండు పార్టీల మధ్య చీలినవి. అడిగే గొంతులు ఎటు ఎక్కువుంటే డబ్బు అటు నడుస్తుంది. పైగా వాళ్ళే రాసిచ్చారాయె, సౌకర్యం ఉందని. ఎవరో చదువుకున్న పిల్ల రాసినట్టుంది, ముత్యాల్లాంటి అక్షరాలు."

స్వరూప టీ తాగకుండానే కప్పు కింద పెట్టేసింది.

*

బుధవారం మధ్యాహ్నం డాక్టర్ మెహరున్నీసా ఆమెను కారులో వలయ రహదారి మీదికి తీసుకెళ్ళింది.

"ఇన్నాళ్ళూ డబ్బు రాని చోట్లలో చూశాం. వచ్చిపడిన చోట ఎట్లా ఉంటుందో నేను నిన్న ఒక్కదాన్నే చూశాను. నువ్వూ చూడాలి. నాకు కనిపించింది నీకూ కనిపిస్తే, నా బుర్ర పాడవలేదని తేలుతుంది."

రోడ్డు వారన కారాపి, గట్టు మట్టి సొరుగులో పోసింది. మండుటెండ. ఎనిమిది వరసల్లో లారీలు, కార్లు రివ్వున పోతున్నాయి. అద్దం చాలాసేపు నల్లగానే ఉంది.

"పాడైందా మేడమ్?"

"పాడవలేదు. దగ్గరికొచ్చి చూడు."

ఆ నలుపు మనుషులు. రోడ్డంతా, కనుచూపు మేర, భుజానికి భుజం ఆనించి నిలబడ్డ మనుషులు. బిందెలు పట్టుకున్నవాళ్ళు. పలకలు పట్టుకున్న పిల్లలు. కళ్ళకు గుడ్డలు కట్టుకున్న ముసలివాళ్ళు. ఎవరూ కదలడం లేదు. లారీలు వాళ్ళ మధ్యనుంచి దూసుకుపోతున్నాయి. వాళ్ళు పక్కకు తప్పుకోవడం లేదు. ఎవరి పేరు మీద ఆ రోడ్డు ఖర్చు రాశారో, వాళ్ళంతా అక్కడే ఉన్నారు, ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు.

గట్టుకు దగ్గరగా, మూడో వరసలో, పచ్చచీర.

ఆ చీర తడిసి ఒంటికి అంటుకుని ఉంది. ఆ ఎండలోనూ కొనల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొమురమ్మ రెండు చేతులూ పొట్టకింద పెట్టుకుని, నిలబడలేక నిలబడి ఉంది. ఇరవై అయిదేళ్ళే ఉన్నాయి ఆమెకు.

స్వరూప అద్దం వదిలి రోడ్డు మీదికి ఒక అడుగు వేసింది. లారీ హారను కొట్టింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఎవరు బేటా?"

"మా అక్క. పదేళ్ళ సంది... పదేళ్ళ సంది ఈడనే నిలబడ్డది మేడమ్. నేను ఆడ వాగుకాడ అది నవ్వుకుంట పోతుంటే చూసుకుంట కూసున్న. ఈడ నొప్పుల మీద నిలబడే ఉన్నది."

డాక్టరమ్మ ఓదార్చలేదు. సీసాలో నీళ్ళు ఆమె ముఖాన చల్లింది. సీసా మూత పెడుతూ అంది, "వాగు దగ్గర బొమ్మ పోతుందని తెలుసు కదా. ఇక్కడ ఏమవుతుందో నాకు తెలీదు. అబద్ధం చెప్పను."

*

గురువారం పొద్దున తండ్రిని తనే వాగు ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఎనిమిదో కొలత. దాన్ని పుస్తకంలో రాయలేదు.

"చూడు నాయనా."

ఈదయ్య అద్దం మీదికి వంగాడు. వంతెన, సైకిలు, మేకలు. అతని ఊపిరి ఆగడం స్వరూపకు తెలిసింది. చాలాసేపు వంగే ఉన్నాడు.

"దాని కాళ్ళకు చెప్పులున్నయ్," అన్నాడు చివరికి.

"ఆఁ."

"బిడ్డ గూడ దాని నడకనే నడుస్తుంది. ఏం పేరు పెట్టుకున్నదో." అద్దాన్ని వేలితో ముట్టబోయి ఆగాడు. "మోకు ఏది? చెట్టుకు లేదు."

"వంతెన ఉంటే మోకు ఎందుకు నాయనా?"

అప్పుడు చెప్పింది స్వరూప. సంతకం పెడితే ఏం పోతుందో. రోడ్డు మీద ఏం చూసిందో. పద్నాలుగో ప్రశ్న గురించి. చివరిది చెప్పేటప్పుడు తండ్రి ముఖం వైపు చూడలేకపోయింది.

"నేనే రాసిన నాయనా, ఉన్నదని. నా చేత్తోని."

ఈదయ్య కర్ర కొనతో ఇసుకలో గీతలు గీశాడు, చెరిపాడు.

"మోకు ఉన్నది. ఉన్నదని రాసినవ్. మంచం ఎట్ల దాటుతదని వాళ్ళు అడగలేదు, మనకు తోచలేదు. అప్పటికి అది కడుపుతోని గూడ లేకపాయె." కర్ర పక్కన పెట్టాడు. "మొన్నటి సందే నాకు అనుమానం ఉండె, నువ్వు అండ్ల దాన్నే చూస్తున్నవని. వంతెనను చూసినోళ్ళ మొకం గట్ల ఉండదు."

మళ్ళీ ఒకసారి అద్దంలోకి చూశాడు. కొమురమ్మ వంతెన చివరికి చేరి, పిల్ల జడ సర్దుతోంది.

"ఇగ పెట్టు బిడ్డా సంతకం. ఊశన్న కోడలు గూడ ఎవల బిడ్డనో ఒకల బిడ్డనే గద."

అన్నాడే గాని, అద్దం ముందునుంచి లేచింది మాత్రం పొద్దు నడినెత్తికొచ్చాకే.

*

నివేదికకు స్వరూప ఆ పాత పత్రాన్ని జతచేసింది. పక్కన రాసింది: "ఇది నింపినది నేనే. ఈ వాడ నాది. ఈ సంగతి నా పైఅధికారులకు ముందే చెప్పవలసింది, చెప్పలేదు."

విఠల్‌రావు గారు అది చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఇది పెట్టాల్సిన పనిలేదమ్మా. నివేదికను తప్పుపట్టేవాళ్ళకు నువ్వే దారి చూపిస్తున్నావ్. నీ ఉద్యోగానికి కూడా..."

"మోకు ఉందని నిజమే రాసిన సార్. మోకు పట్టుకోలేనోళ్ళ సంగతి రాసే గడి ఆ పత్రంలో లేదు. ఆ గడి పెట్టమని ఆఖరి పేజీల అడిగిన. అడిగే గొంతులు లేవన్నరు గద. రాసుకోండ్రి, ఒకటున్నది."

ఆమె మీద విచారణ వేశారు. మూడు నెలల జీతం ఆపారు. కానీ కొలతలు ఏడూ కలిశాయి కాబట్టి నివేదికను కాదనలేకపోయారు. మార్చి ముప్పైన డబ్బు వెనక్కి వచ్చినట్టు ఉత్తర్వు వెలువడింది. ఆ సాయంత్రం స్వరూప వాగు దగ్గరికి పోలేదు. యంత్రం డాక్టరమ్మ దగ్గరే వదిలేసి, నోటుపుస్తకం తెరిచి ఆఖరి పని మీద గీత కొట్టింది.

జ్యేష్ఠం దాటకముందే వంతెన లేచింది. అద్దంలో చూసినదానికంటే కొంచెం ఇరుకుగా ఉంది. గోడలు మోకాలెత్తు లేవు. శ్రావణంలో వాగు పొంగిన రోజు అంబులెన్సు దాని మీదుగా వాడలోకి వచ్చి, ఊశన్న కోడలిని గుమ్మం ముందు ఎక్కించుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది.

ఆ ఏడు రోహిణి కార్తెలో మోకుకని ఎవరూ చీర తేలేదు. పాత మోకును ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఈదయ్య దాన్ని దించుకుని, పూటకింత చొప్పున పేటలు విప్పుకుంటూ కూర్చున్నాడు. నాలుగో రోజు పచ్చచీర పేలిక బయటపడింది. రంగు పోలేదు.

డాక్టర్ మెహరున్నీసా ఒకరోజు ఫోను చేసింది. "రోడ్డు దగ్గరికి వెళ్ళొచ్చాను బేటా. మూడో వరసలో ఒకచోటు ఖాళీగా ఉంది. అక్కడ రోడ్డు కనిపిస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నారు. కానీ ఇంతకుముందు ఎటో చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ ఖాళీవైపు చూస్తున్నారు."

వంతెన మొదట్లో నల్లరాతి ఫలకం ఉంది. దాని మీద పదకొండు పేర్లు చెక్కారు. మంత్రిది, ఎమ్మెల్యేది, సర్పంచిది, కాంట్రాక్టరుది కూడా. మీరెప్పుడైనా కొత్తమడుగు వైపు పోతే, ఆ పదకొండూ చదవండి, తప్పులేదు. చదివాక ఒక్క నిమిషం ఆగండి. ఆ వాగు ఒడ్డున వానలో అయిదు గంటలు ఎదురుచూసిన మనిషి ఒకతి ఉండేది. తన చీర ఇచ్చి పదిమందిని దాటించి, తను దాటలేకపోయింది. పేరు కొమురమ్మ, ఈదయ్య పెద్దబిడ్డ. ఆమెను తలుచుకుని ముందుకు నడవండి.